సంతోషికి ఏ కార్డు

నవంబర్ 9, ఆదివారం

సంతోషి నాతో మాట్లాడక ఇవాళ్టికి ఐదు రోజులు.

ఇంట్లో ఉన్నదే ముగ్గురం. అందులో ఇద్దరు మాట్లాడుకోకపోతే మూడో మనిషికి పని పెరుగుతుంది. ఆ పని నా భార్య జమున నెత్తిన పడింది. "బిడ్డ తిన్నదా, అడుగు" అంటాను. ఆమె వంటింట్లోంచి "తిన్నవా సంతోషీ" అని కేకేస్తుంది. "తిన్న" అన్న జవాబు నాకూ వినిపిస్తుంది. అయినా జమున నా దగ్గరికి వచ్చి "తిన్నదట" అని చెప్పి పోతుంది.

మంగళవారం సంతోషి కంప్యూటర్ కిందపడింది. లోపల గ్రాఫిక్స్ కార్డు విరిగింది. మిగతాదంతా నడుస్తోందట, ఆటలు మాత్రం ఆడలేకపోతోంది. కొత్త కార్డు కొనిస్తే అయిపోతుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, ఒక వస్తువు కోసం ఇన్ని రోజులు మూతి ముడుచుకోవడం ఏమిటి?

రేపో ఎల్లుండో వెళ్లి తెస్తాను. దీపావళి సెలవుల తర్వాత నాకు మగ్గాల కార్ఖానాలో పని లేదు కాబట్టి తీరికకు కొదవ లేదు.

నవంబర్ 11, మంగళవారం

మజూరా గేట్ దగ్గర ఒక కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. యజమాని పేరు హితేశ్‌భాయ్, గుజరాతీవాడు, నా ఈడువాడే. "గ్రాఫిక్స్ కార్డు ఒకటి కావాలి" అని హిందీలో అడిగాను. పచారీ కొట్టులో సబ్బు అడిగినట్టు అడిగానని నాకే అనిపించింది. అతను నవ్వలేదు. అది నచ్చింది.

"ఎవరికి భాయ్?"

"మా బిడ్డకు. ఆటలు ఆడుతుంది."

"ఏ ఆటలు?"

తెలియదన్నాను.

"స్క్రీన్ ఎంత?"

చేతులు చాపి చూపించాను.

"పవర్ సప్లై ఎన్ని వాట్లది? క్యాబినెట్ లోపల చోటెంత?"

అవీ తెలియవన్నాను. అతను రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్న ఇటుకంత, ఒకటి పెద్ద ఇటుకంత. "కార్డు ఒక్కదాన్నే చూసి కొంటే నష్టపోతారు. దానికి కరెంటు అందాలి, పెట్టెలో చోటుండాలి, అది తయారుచేసే బొమ్మను స్క్రీన్ చూపించగలగాలి. ముందు బిడ్డను అడిగి రండి."

అతని మాటలో తప్పేమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు సాంచాలు, అదే మరమగ్గాలు, బాగుచేశాను. ఏ మగ్గానికో చెప్పకుండా మోటారు అడిగినవాణ్ణి నేనైనా తిప్పి పంపేవాణ్ణి.

కానీ బిడ్డను అడిగి రమ్మన్నాడు. అదొక్కటే కుదరని పని.

నవంబర్ 12, బుధవారం

సంతోషి పర్వత్ పాటియాలో గది చూసుకుంటోందని జమున చెప్పింది. రింగ్ రోడ్‌లో చీరల డిజైన్లు గీసే ఆఫీసు కదా ఆమెది. ఇక్కడ కోసాడ్ నుంచి బస్సులో గంట పైనే పడుతుంది. దూరం వల్ల.

జమున కూడా దూరం వల్లనే అంది.

నవంబర్ 15, శనివారం

సంతోషి ఆఫీసుకు వెళ్లాక ఆమె కంప్యూటర్ పెట్టె విప్పాను. జమున తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది.

"మళ్ల ఏం చేస్తున్నవ్?"

"కొలతలు తీస్తున్న."

"దానికి చెప్పి తియ్యరాదు."

 టేపు పెట్టి చూశాను. కార్డు పట్టే చోటు ఇరవై నాలుగు సెంటీమీటర్లు. దాని ముందు రేకుతో చేసిన గూడు ఒకటి అడ్డంగా ఉంది, రివిట్లు కొట్టి బిగించారు. పవర్ సప్లై నాలుగు వందల యాభై వాట్లది. రాసుకున్నాను.

పెట్టె లోపల వైర్లన్నీ రంగు దారాలతో కట్టి ఉన్నాయి. ఎర్రదారం ఒక గుత్తికి, పచ్చదారం ఒక గుత్తికి. ముడి చూసి ఆగిపోయాను. అది నేను వేసే ముడి. తెగిన పోగు అతికేటప్పుడు వేస్తాం. ఆరేడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు బడి అయ్యాక కార్ఖానాకు వచ్చి నా స్టూలు మీద కూర్చునేది, జమున చీరలకు లేసు కుట్టే పని ముగించి తీసుకుపోయేదాకా. నేర్పినట్టు నాకు గుర్తు లేదు. చూసి నేర్చుకున్నట్టుంది.

విరిగిన కార్డు బీరువాలో ఉంది. పాత చున్నీలో చుట్టి పెట్టింది. బంగారు రంగు పళ్లున్న అంచు పూర్తిగా చీలిపోయింది. అతుకు పడే చీలిక కాదు.

ఆ రోజు పెట్టె నా చేతిలోంచి జారింది.

నవంబర్ 16, ఆదివారం

క్రుపా అని ఒక పిల్ల వచ్చింది. సంతోషితో ఆటలాడే నలుగురిలో ఒకతె, కతర్‌గామ్‌లో ఉంటుంది. సంతోషి గది చూడటానికి వెళ్లింది, గంటలో వస్తుందని జమున కూర్చోబెట్టింది. ఆ గంట నాకు గడవలేదు.

అడిగిందే తడవు వాళ్ల ఆట గురించి అన్నీ చెప్పింది. నలుగురూ ఎవరి ఇంట్లో వాళ్లుండి ఒక జట్టుగా ఆడతారట. ఎదుటి జట్టు ఎక్కడ దాక్కుందో ముందుగా వెళ్లి చూసి మిగతా ముగ్గురికీ చెప్పడం సంతోషి పని.

"దీదీ చెప్తేనే మేము అడుగేస్తాం అంకుల్. తను అరవదు. మేం ముగ్గురం అరుస్తాం. తను మాత్రం ఇటు రండి, ఆగండి, ఇప్పుడు, అని మెల్లగా చెప్తుంది."

వచ్చే శనివారం ఆడపిల్లల జట్లకు ఆన్‌లైన్‌లో పోటీ ఉందట. ఆరు నెలలుగా దాని కోసమే తయారవుతున్నారట. సంతోషి బదులు వేరే పిల్లను తీసుకున్నారు.

"ఒక్క ఇరవై రోజులు ఆగి చావకూడదా ఆ కార్డు?" అని క్రుపా నవ్వింది. "పాతదై పోయింది, దాన్ని ఏమంటాం అంది దీదీ. నిజంగా అంత పాతదా అంకుల్?"

"అవునమ్మా" అన్నాను. "పాతదే."

నవంబర్ 18, మంగళవారం

క్రుపాకు అబద్ధం చెప్పాను. ఈ పుస్తకంలో కూడా చెబుతూ వచ్చాను. దీన్ని చదివేది నేనొక్కణ్ణే. ఎవరి కోసం చెబుతున్నట్టు?

కంప్యూటర్‌ను నేనే పడేశాను.

నాలుగో తేదీ పొద్దున కార్ఖానా శేఠ్ పిలిచి చెప్పాడు. పద్దెనిమిది పాత సాంచాలూ తుక్కు కింద భంగార్‌కు వెళ్తున్నాయి, కొత్త వాటర్‌జెట్ మగ్గాలు వస్తున్నాయి, వాటిని బాగుచేయడానికి కంపెనీ మనుషులే వస్తారు. నాకు ఇవ్వాల్సింది ఇచ్చాడు, చాయ్ తాగించాడు. మంచిగానే పంపాడు. నేనే వెంటనే రాలేదు. భంగార్ వాళ్లు సమ్మెటలతో పని మొదలుపెట్టే దాకా ఉన్నాను. ఏడో నంబరు సాంచా నన్ను ఎప్పుడూ సతాయించేది. దాన్ని పగలగొట్టడానికి ఇద్దరు మనుషులకు అరగంట పట్టింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. దీపావళి సెలవుల తర్వాత సంతోషి ఆఫీసు అప్పటికింకా తెరవలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతోంది. "మర్ గయా, మర్ గయా" అంటూ నవ్వుతోంది. ఆటలో ఎవరో చచ్చారు.

మూడుసార్లు పిలిచాను. వినపడదని తెలుసు. తెలిసే పిలిచాను. నాలుగోసారి పిలవకుండా పెట్టెను వైర్లతో సహా ఎత్తి నేలకేసి కొట్టాను.

సంతోషి ఏడవలేదు, అరవలేదు. హెడ్‌ఫోన్లు తీసి, నా కాళ్ల వైపు చూసి, "బాపూ, నీ కాలు మీద పడ్డదా?" అంది.

నేను జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు.

క్రుపాకు మాత్రం కార్డు పాతదై పోయిందని చెప్పింది. తండ్రిని నలుగురిలో తక్కువ చేయలేక.

నవంబర్ 20, గురువారం

నాతో పాటు కార్ఖానా నుంచి వచ్చేసిన ముత్యం ఎవరి దగ్గరో పెద్ద కార్డు సగం ధరకు ఉందని తీసుకెళ్లాడు. పన్నెండు జీబీ. అమ్రోలీలో ఒక గోదాములో, ఒక్కటి కాదు, నలభై కార్డులు వరసగా పేర్చి ఉన్నాయి.

"అన్న, నాలుగు నెలలే వాడిండ్రట" అన్నాడు ముత్యం.

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కార్డుల సంగతి నాకు తెలియదు కానీ తిరిగే వస్తువు సంగతి తెలుసు. పంకాను వేలితో తిప్పితే ఒక పక్కకు ఒరిగి ఆగింది. స్క్రూల తలలు అరిగి ఉన్నాయి. అంటే ఎన్నోసార్లు విప్పారు. దగ్గర పెట్టుకుని వాసన చూశాను. మూడు షిఫ్టులూ ఆపకుండా నడిపిన మోటారుకు ఉండే మాడు వాసన.

"ఇది నాలుగు నెలలది కాదు ముత్యం. మనలెక్కనే మస్తు పని చేసింది."

ముత్యం నవ్వాడు. అతనికి అందులో కొంత ముట్టేదేమో. బయటికి వచ్చాక అతనే చాయ్ డబ్బులిచ్చాడు.

నవంబర్ 21, శుక్రవారం

క్రుపా నంబరు జమున దగ్గర ఉంది. ఫోన్ చేశాను. కార్డు పాతది కాదని, కోపంలో నేను పడేశానని, సంతోషి నా పరువు కోసం వేరేగా చెప్పిందని చెప్పాను. 

"ఇది నాకెందుకు చెప్తున్నారు అంకుల్? దీదీకి చెప్పండి" అంది.

నవంబర్ 22, శనివారం

పోటీ ఇవాళే. సంతోషి బయట మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూసింది. నేను రెండు మెట్లు పైన కూర్చున్నాను. ఆమె లేచి వెళ్లలేదు. 

వాళ్ల జట్టు ఓడింది.

నవంబర్ 24, సోమవారం

కొన్నాను.

హితేశ్‌భాయ్‌కి నా కాగితం చూపించాను. కొలతలు చూసి, "శాబాష్, ఇప్పుడు చెప్పొచ్చు" అని ఆరు జీబీ కార్డు తీశాడు. పొట్టిది, ఒక్క పంకాది. దీనికి విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు, సరిపోతుంది అన్నాడు.

సరిపోయేది కొనడానికా నేను వచ్చింది? అంతకంటే మంచిది ఇమ్మన్నాను. మూడు పంకాల పెద్ద కార్డు ఉంది, ఎనిమిది జీబీ.

"ఇది ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు భాయ్. మీరు రాసింది ఇరవై నాలుగు."

"సర్దుకుంటుంది" అన్నాను.

"సీలు తీయకండి. తీస్తే నేను వెనక్కి తీసుకోలేను" అని బిల్లు మీద రాసి మరీ ఇచ్చాడు.

డబ్బా సంతోషి బల్ల మీద పెట్టాను. చాలా అందమైన డబ్బా. సాయంత్రం ఆమె వచ్చేసరికి నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. బ్యాగు దించి, డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పట్టదు" అంది.

ఇరవై రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. నాతోనే అందో, డబ్బాతో అందో.

నవంబర్ 25, మంగళవారం

ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల వస్తువు ఇరవై నాలుగింటి చోటులో సర్దుకుంటుందా? అలా అన్నవాణ్ణి కార్ఖానాలో ఒక్క పూట కూడా ఉండనిచ్చేవాణ్ణి కాదు.

పొద్దున సంతోషి జడ వేసుకుంటుంటే వెళ్లి గడప దగ్గర నిలబడ్డాను. జమున గ్యాస్ ఆపేసింది. వినడానికే.

"పట్టకపోతే లోపలి గూడు కోసేస్త" అన్నాను. "నాలుగు రివిట్లే ఉన్నయ్."

"కోసుడెందుకు బాపూ? ఏ కార్డు కావాలె అని నన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె."

"నువ్వు నాతోని మాట్లాడుతలేవు కదా."

ఆమె దువ్వెన కింద పెట్టింది. "నేనా? నీ కాలు మీద పడ్డదా అని అడిగిన. నువ్వు ఏం చెప్పకుండ పోయినవ్. పొద్దుగూకి వచ్చినవ్, అమ్మను పిలిచి 'బిడ్డ తిన్నదా అడుగు' అన్నవ్. ఆ దినం సంది గట్లనే. నేను ఇదే ఇంట్ల ఉన్న. మాట్లాడనిది నువ్వే బాపూ."

నేను నిలబడి లెక్క వేసుకున్నాను. నాలుగో తేదీ నుంచి నిన్నటిదాకా ఆమె ముఖం చూసి నేను అన్న మాట ఒక్కటీ లేదు. ఈ పుస్తకంలో మొదటి పేజీ నుంచీ తలకిందులుగా రాసుకుంటూ వచ్చాను.

"కాలు మీద పడలె" అన్నాను.

"ఊఁ."

"తప్పయింది బిడ్డా. పెట్టె పడేసుడు తప్పయింది. నీకు చెప్పకుండ విప్పుడు తప్పయింది. మీ క్రుపాతోని అబద్ధమాడిన, అదీ తప్పే."

"క్రుపా చెప్పింది, నువ్వు ఫోన్ చేసినవని."

"సాంచాలు పగలగొడుతుంటే చూసి వచ్చిన ఆ దినం."

"నాకు తెల్వదా? అమ్మ చెప్పింది. నువ్వు చెప్తవని చూసిన." ఆమె కళ్లు తుడుచుకుంది. "నేను నీ స్టూలు మీద కూసున్న కార్ఖానా అది. నాకు గూడ చెప్పాలె కదా."

నాకు అది తట్టనే లేదు. పోయిందల్లా నా ఒక్కడిదే అనుకున్నాను.

కాసేపయ్యాక అడిగాను. "గది సంగతి ఏంది? పోతవా?"

"పోత. అడ్వాన్స్ ఇచ్చిన."

"నా మీద కోపంతోనా?"

"ముందు కోపంతోనే చూసిన. ఇప్పుడు ఆ గది మంచిగనిపించింది. పెద్ద కిటికీ ఉన్నది. గంట బస్సు తప్పుతది."

జమున వంటింట్లోంచి "ఇగ నన్ను అడిగేది ఏం లేదు కదా, మీరు మీరు చూసుకోండ్రి" అని మళ్లీ గ్యాస్ వెలిగించింది.

నవంబర్ 27, గురువారం

సంతోషి సగం పూట సెలవు పెట్టింది. ఇద్దరం హితేశ్‌భాయ్ దుకాణానికి వెళ్లాం. సీలు ఉంది కాబట్టి డబ్బా వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ గుజరాతీలో మొదలుపెట్టారు. నాకు సగం అర్థమైంది. సంతోషి అంత గడగడా గుజరాతీ మాట్లాడుతుందని ఇవాళే చూశాను. ధర దగ్గర హితేశ్‌భాయ్ రెండుసార్లు తల పట్టుకున్నాడు, రెండుసార్లూ తగ్గాడు.

చివరికి ఆమె ఎంచుకున్నది ఆ ఆరు జీబీ కార్డే.

నాకు మనసొప్పలేదు. "పెద్దదే తీస్కో బిడ్డా. పెట్టె మారుద్దాం, సప్లై మారుద్దాం. పైసల సంగతి నేను చూస్త."

"పైసలు కాదు బాపూ. నా స్క్రీన్ సెకనుకు డెబ్బై అయిదు బొమ్మలే చూపిస్తది. కార్డు నూట యాభై తయారుచేసినా సగం నాకు కనబడనే కనబడయ్."

నేను ఆలోచించాను. "అంటే సాంచా నేసే దానికన్న ఎక్కువ నూలు తెచ్చి కుప్ప పోసినట్టు."

"గంతే."

"మరి ఇది మీ ఆటకు చాలుతదా?"

"మేము ఆడేది చిన్న ఆట బాపూ. దీనితోని డెబ్బై అయిదు నిండుగ వస్తయ్. కరెంటు తక్కువ తింటది, వేడి తక్కువ, చప్పుడు తక్కువ." హితేశ్‌భాయ్ వైపు తిరిగి, "వారంటీ ముద్ర వేసి ఇవ్వండి" అంది.

"సోమవారమే మీ నాన్నకు ఇదే చూపించానమ్మా" అన్నాడతను.

"నాన్నకు నేనంటే కొంచెం ఎక్కువ" అని సంతోషి హిందీలో జవాబు చెప్పింది. చెబుతూ నా వైపు చూడలేదు. నేను గోడకున్న కేబుళ్లు లెక్కపెట్టాను.

ఇంటికి వచ్చి ఇద్దరం బిగించాం. స్క్రూడ్రైవర్ నాకిచ్చింది. కార్డు గాడిలో కూర్చునేటప్పుడు మాత్రం తనే నొక్కింది. టక్ మని చిన్న చప్పుడైంది.

"గట్టిగ ఒత్తొద్దు బిడ్డా" అన్నాను.

"నువ్వు చెప్తున్నవా బాపూ ఆ మాట?" అంది. జమున నవ్వు ఆపుకోలేక అవతలికి పోయింది.

నవంబర్ 30, ఆదివారం

సంతోషి ఇవాళ గదికి మారింది. బట్టల సంచులూ గిన్నెలూ జమునతో ఒక ఆటోలో. కంప్యూటర్ పెట్టె, నేను, సంతోషి ఇంకో ఆటోలో. పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ను "జర మెల్లగ" అన్నాను. వరాఛా దాటేసరికి అతను విసుక్కోవడం మానేశాడు.

మూడో అంతస్తు. ఆమె చెప్పింది నిజమే, పెద్ద కిటికీ. కింద చీరల మూటలు మోసే టెంపోలు కనిపిస్తాయి. పక్క మంచం ఆమె ఆఫీసు పిల్లది, ఊరికి వెళ్లిందట. జమున వంట అరలు సర్ది, పక్క వీధిలో ఉండే ఎవరినో చూసి వస్తానని దిగింది. సంతోషి బల్ల మీద అన్నీ కలిపి, వైర్లు కట్టి, స్విచ్ వేసింది. స్క్రీన్ వెలిగింది.

"క్రుపా వాళ్లు నా కోసం చూస్తున్నరు బాపూ. ఒక్క ఆట ఆడుత."

"ఆడు."

నేను మంచం అంచున కూర్చున్నాను. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాకు వీపు చేసి కూర్చుంది. క్రుపా చెప్పినట్టే ఉంది. అరవదు. "రుకో" అంటుంది, "బాయీ తరఫ్" అని ఎడమకు తిప్పుతుంది, "అబ్" అంటుంది. ఆమె మాట విని ముగ్గురు మనుషులు ఎక్కడెక్కడో ఇళ్లలో కూర్చుని కదులుతున్నారు. స్క్రీన్ మీద ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. ఆమె భుజాలు చూస్తూ కూర్చున్నాను. కష్టం వచ్చినప్పుడు ఎడమ భుజం పైకి లేస్తుంది. గట్టెక్కాక దిగుతుంది.

జమున ఫోన్ చేసింది. మోగకుండా నొక్కేశాను. బస్సు టైము అయింది. ఇంకో బస్సు ఉంటుంది.

నలభై నిమిషాలు పట్టింది. హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగి నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"ఇంక ఉన్నవా బాపూ? పిలువకపోయినవ్."

"ఆట నడుస్తున్నది కదా."

ఆమె నన్ను కాసేపు చూసింది. తర్వాత లేచి కొత్త గిన్నె ఒకటి కడిగింది.

"చాయ్ తాగుతవా?"

తాగుతానన్నాను. ఆమె చాయ్ పెట్టడం నేనెప్పుడూ చూడలేదు, ఇంట్లో జమునే పెడుతుంది. ఆకు తక్కువైంది, చక్కెర మరీ ఎక్కువైంది. ఖాళీ చేసి, ఇంకో కప్పు అడిగాను.